మాట్నీ వదిలాక

మొన్న మా మనవరాలు ఏదో కొత్త సినిమా చూసొచ్చింది. "ఎలా ఉందే?" అని అడిగితే, చెప్పులు విప్పుతూనే "ఫస్టాఫ్ ఓకే, సెకండాఫ్ సాగదీశాడు అమ్మమ్మా" అనేసి గదిలోకి వెళ్ళిపోయింది. అంతే! రెండున్నర గంటల సినిమాకి అరనిమిషం అభిప్రాయం.

కాసేపటికి మళ్ళీ తనే వచ్చి, "మీ రోజుల్లో సినిమా బాగుందో లేదో ఎలా తెలిసేది? రివ్యూలు చదివేవారా?" అంది. నాకు నవ్వొచ్చింది. పత్రికల్లో సమీక్షలు లేకపోలేదు. కాని మా సమీక్ష మాట్నీ వదిలాక హాలు గేటు దగ్గర మొదలై, క్వార్టర్ల మలుపు తిరిగేదాకా నడిచేది. అప్పటికీ తెమలకపోతే మర్నాడు కుళాయి దగ్గర!

నేను 1972లో కాపురానికి పాల్వంచ వచ్చాను. సింగరేణి బొగ్గు, కిన్నెరసాని నీళ్ళు దగ్గరగా ఉన్నాయని ఇక్కడ థర్మల్ స్టేషన్ కట్టారు. 1966లో కరెంటు తీయడం మొదలయింది. దానితోపాటే అడవి అంచున ఓ కొత్త ఊరు లేచింది. మా వరసలో ఒకావిడది తెనాలి, ఒకావిడది వరంగల్లు, ఒకావిడది అనంతపురం. నాది బెజవాడ దగ్గర పల్లె. ఒకరి కూర ఒకరికి కారం, ఒకరి మాట ఒకరికి వింత. మమ్మల్ని కలిపింది మాత్రం సినిమానే. మగవాళ్ళు షిఫ్టుకి వెళ్ళగానే వంటింటి తలుపు దగ్గరకి వేసి, ఆడవాళ్ళ కౌంటరు దగ్గర వరసలో నిలబడేవాళ్ళం.

ఈ సౌకర్యం మా పెద్దవాళ్ళకి అంత తేలిగ్గా దొరకలేదు. తెలుగు సినిమా 1932లో 'భక్తప్రహ్లాద'తో మాట నేర్చింది. పురాణ కథ అనేసరికి ఇంట్లో ఆడవాళ్ళని పంపడానికి అంతగా అడ్డు చెప్పేవారు కాదు. దేవుడి పేరు చెప్పుకుని గడప దాటిన ఆడవాళ్ళు ఎంతమందో! 1934లో సి. పుల్లయ్యగారు 'లవకుశ' తీశారు. అదే కథని రంగుల్లో ఆయన మళ్ళీ మొదలుపెడితే, డబ్బులేక మధ్యలో ఆగి, చివరికి కొడుకు సి.ఎస్. రావుగారి చేతిమీదుగా 1963లో విడుదలయింది. మన మొదటి పూర్తి రంగుల చిత్రం అదే. బళ్ళు కట్టించుకుని వెళ్ళి చూశారు జనం. సీత వేషం వేసిన అంజలీదేవిగారు కనబడితే ఆడవాళ్ళు సీతమ్మ తల్లికే పెట్టినట్టు దణ్ణాలు పెట్టేవారట.

మా అత్తగారిది భద్రాచలం వైపు. 1965లో గోదావరి మీద వంతెన రాకముందు, పడవ దాటి సీతారాముల కల్యాణం చూసొచ్చిన మనిషి. 1973లో బాపుగారి 'అందాల రాముడు' వచ్చింది. రాజమండ్రి నుంచి భద్రాచలందాకా లాంచీ ప్రయాణమే కథ. మేము నాగేశ్వరరావుగారిని చూస్తే ఆవిడ మాత్రం నదినే చూశారు. "నా పడవల రేవు నాకు మళ్ళీ చూపిచ్చిండు, చాలు" అన్నారు. అదీ ఆవిడ సమీక్ష.

రామదాసు కథ అంటే మాకు ఇంటి కథ. తానీషా కాలంలో కంచర్ల గోపన్న తహశీలు చేసింది మా పాల్వంచ పరగణాకే. నాగయ్యగారి 'రామదాసు' 1964 నాటిది. అది మా ఊరికి మళ్ళీ వచ్చినప్పుడు వెళ్ళాం. అందరం కళ్ళు తుడుచుకుంటూ వస్తుంటే, అత్తగారు నడుస్తూ నడుస్తూ ఆగి, "గోపన్న పన్నెండేండ్లు గోల్కొండ ఖైదుల ఉన్నడు, సరే. ఆ పన్నెండేండ్లు ఆయన ఇంటామె పొయ్యి ఎట్ల రాజేసింది? నాకు అది చూడాలనుంది" అన్నారు. మేము నవ్వేశాం. ఇంటికొచ్చి బియ్యం కడుగుతుంటే ఆ మాట మళ్ళీ గుర్తొచ్చింది. ఈసారి నవ్వు రాలేదు.

ఆ రోజుల్లో మాకు ఇంకో ధీమా కూడా ఉండేది. కోడూరి కౌసల్యాదేవిగారి 'ప్రేమనగర్' 1971లో, యద్దనపూడి సులోచనారాణిగారి 'జీవన తరంగాలు' 1973లో, 'సెక్రటరీ' 1976లో సినిమాలయ్యాయి. నవలలు మేము ముందే చదివేశాం కదా! కథ మాది అన్నట్టు హాల్లోకి వెళ్ళేవాళ్ళం. "నవలలో ఇలా లేదు" అని మాలో ఒకరు తీర్పు చెప్పారంటే ఇక ఆ సీను గతి అంతే. 1980లో 'శంకరాభరణం' వచ్చిన మొదటి రోజుల్లో హాళ్ళు ఖాళీగా ఉన్నాయట. చూసినవాళ్ళు చూడనివాళ్ళకి చెప్పీ చెప్పీ ఆ హాళ్ళు నింపారు. నోటి మాటకి అంత బలం ఉంది.

బలం ఉన్నచోట గాయం కూడా ఉంటుందని నాకు ఆలస్యంగా తెలిసింది.

మా వరస చివరి క్వార్టర్లో తమ్ముడి దగ్గర ఉండే ఒకావిడ మాతో సినిమాలకి వచ్చేది. అక్కయ్యగారూ అని పిలిచేవాళ్ళం. చుట్టపుచూపుగా వచ్చిందనుకున్నాం. ఏడాది దాటినా వెళ్ళలేదు. మేము అడగలేదు, ఆవిడ చెప్పలేదు. ఓసారి 'లవకుశ' మళ్ళీ వచ్చింది. వదిలాక, ఏడ్చి ఏడ్చి ఎర్రబడ్డ కళ్ళతో నేను పెద్ద ఆరిందాలా "అంతటి సీతమ్మే భరించింది, మనమెంత? ఆడదానికి ఓర్పు ఉండాలి" అన్నాను. అందరూ తలలూపారు. ఆవిడ మాత్రం చెప్పు తెగిందంటూ వెనక ఆగిపోయింది.

అప్పుడు మా అత్తగారు ఊహించని మాట అన్నారు. "పర్ణశాల కాడ ఎత్తుకపోయినోడు మారువేషమేసి మోసం చేసిండు. ఇంట్లోని మనిషి ఏ వేషం లేకుండనే అడవికి పంపె. పంపేముందు ఆమెనొక్క మాట అడిగితే ఏం పోయె?" అని, వెంటనే రెండు చేతులూ జోడించి "తప్పయితే క్షమించు తండ్రీ" అనుకున్నారు. ఆ ఏడు కూడా నవమికి భద్రాచలం వెళ్ళి తలంబ్రాలు తెచ్చుకున్నారు. ఆవిడ భక్తికీ ఆవిడ ప్రశ్నకీ ఎప్పుడూ తగువు రాలేదు. గుళ్ళో అడగలేని మాట సినిమా నుంచి వచ్చే దారిలో అడిగారంతే.

తరువాత 'ముత్యాలముగ్గు' వచ్చింది. 1975లో బాపు రమణలు తీసిన చిత్రం. చెప్పుడు మాటలు నమ్మి, కడుపుతో ఉన్న భార్యని ఇంట్లోంచి పంపేస్తాడు భర్త. ఆవిడ కన్న కవల పిల్లలే చివరికి అమ్మనీ నాన్ననీ కలుపుతారు. ఉత్తర రామాయణమే, కొత్త బట్టలు కట్టుకుని వచ్చింది. రావు గోపాలరావు మాటలు అనుకరిస్తూ, సంగీత పెద్ద కళ్ళు మెచ్చుకుంటూ వస్తున్నాం. ఏనాడూ నోరు విప్పని అక్కయ్యగారు ఉన్నట్టుండి, "ఆవిడకి పిల్లలున్నారు, కలిపారు. పిల్లలు లేనివాళ్ళ సంగతేమిటి?" అంది.

దారిలో ఇక ఎవరూ మాట్లాడలేదు. తెనాలి పిన్నిగారు మెల్లగా వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకున్నారు. నాకైతే 'లవకుశ' నాటి నా ఓర్పు ఉపన్యాసం చెంప మీద కొట్టినట్టయింది. ఏడాదిగా మేమంతా సినిమా కథ అనుకుని మాట్లాడిన ప్రతి మాటా ఆవిడ తన కథగా విన్నదన్నమాట! ఏ భార్యని మెచ్చుకున్నామో, ఏ భార్యది తప్పన్నామో అన్నీ లెక్కపెట్టుకుందన్నమాట!

మర్నాడు ఎవరూ ఏమీ అడగలేదు. పిన్నిగారు ఆవిడని టైపు నేర్చుకునేచోట చేర్పించి వచ్చారు. మొదటి రెండు నెలల ఫీజూ వరసలో తలా కాస్త వేసుకున్నాం. ఆ తరువాత ఆవిడ ఖమ్మంలో ఉద్యోగంలో చేరింది. 1978లో వాణిశ్రీ వేసిన 'గోరంత దీపం' చూసి మాకు ఉత్తరం రాసింది. అందులో క్షేమ సమాచారాలు రెండు వాక్యాలు, సినిమా మీద రెండు పేజీలు! ఎంత సంబరపడ్డామో చెప్పలేను.

తరువాత టీవీ వచ్చింది, వీడియో వచ్చింది. సినిమా ఇంట్లోకి రాగానే ఇంటికి నడిచే దారి లేకుండా పోయింది. పక్కన మగవాళ్ళూ పిల్లలూ ఉండగా ఎవరు ఏం మాట్లాడతారు? సినిమా అయిపోగానే లేచి అన్నాలు వడ్డించడమే. 2011లో బాపుగారు 'శ్రీరామరాజ్యం' అని అదే సీతమ్మ కథ తీస్తే, చూసి వస్తూ పక్కన మాట్లాడేవాళ్ళు లేక నాలో నేనే రెండు వాదనలూ వినిపించుకున్నాను. 2024లో మా థర్మల్ స్టేషన్ పాత కూలింగ్ టవర్లు పడగొట్టారు. ఆ టవర్లనే గురుతు పెట్టుకుని కబుర్లు చెప్పుకుంటూ ఇంటికొచ్చేవాళ్ళం.

ఇదంతా మనవరాలికి చెప్పాను. విని ఊరుకుందనుకున్నాను. రెండురోజుల తరువాత ఫోనులో 'లవకుశ' మొత్తం చూసి, ముక్కు చీదుతూ నా మంచం మీదకొచ్చి కూర్చుంది.

"అమ్మమ్మా, సెకండాఫ్ సంగతి కాదు గానీ, పంపించేముందు ఆవిడని ఒక్క మాట అడగొచ్చు కదా!"

ఆ పిల్ల మా అత్తగారిని చూడనైనా లేదు. నేను దుప్పటి కాస్త పక్కకి జరిపి, "ఇలా రా, కూర్చో" అన్నాను. ఆ రాత్రి మేము పడుకునేసరికి పన్నెండు దాటింది.