మొటిమల మాత్రకు ముగింపు తేదీ

మొటిమలకు మింగే యాంటీబయాటిక్ మాత్రల కథను పత్రికల ఆరోగ్య పేజీలు దాదాపు ఒకే తీరుగా చెబుతాయి. మొటిమకు కారణం ఒక సూక్ష్మజీవి. టెట్రాసైక్లిన్ వచ్చి దాన్ని చంపింది. ముప్ఫై ఏళ్లు అంతా సాఫీగా సాగింది. ఆ తర్వాత జనం మాత్రలను ఇష్టారాజ్యంగా, సగం సగం వాడి చెడగొట్టారు, సూక్ష్మజీవి మొండికెత్తింది. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ఈ మాటల్లో ఏదీ పూర్తిగా నిలవదు. తప్పును రోగి నెత్తిన రుద్దే చివరి మాట అసలే నిలవదు.

తొలి దశ గురించి పెద్ద పేచీ లేదు. 1896లో హాంబర్గ్ చర్మవైద్యుడు ఊనా మొటిమలో ఈ బ్యాక్టీరియాను గుర్తించాడు. 1909లో లండన్‌లో ఒక యువ వైద్యుడు మొటిమల పుట్టుక గురించీ, టీకాతో వాటి చికిత్స గురించీ ‘లాన్సెట్’ పత్రికలో వ్యాసం రాశాడు. ఆయన పేరు అలెగ్జాండర్ ఫ్లెమింగ్. తర్వాత ఆయనే కనిపెట్టిన పెన్సిలిన్ మాత్రం మొటిమల దగ్గర పెద్దగా అక్కరకు రాలేదు. ఈలోగా గంధకం లేపనాలు, పథ్యాలు, చివరికి ముఖానికి ఎక్స్‌రేలు కూడా నడిచాయి. అలా కిరణాలు పెట్టించుకున్నవారిలో కొందరికి దశాబ్దాల తర్వాత థైరాయిడ్ క్యాన్సర్ వచ్చింది. మొటిమ ప్రాణం తీయదు. దాని చికిత్సకు మాత్రం ఆ భరోసా ఎప్పుడూ లేదు.

1948లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల నుంచి ఆరియోమైసిన్ వెలువడింది. టెట్రాసైక్లిన్ కుటుంబానికి అదే పెద్దది. ఇక్కడ తెలుగువారికి ఒక సంబంధం ఉంది, దానితోపాటు ఒక అతిశయోక్తి కూడా. లెడర్లీలో పరిశోధన విభాగానికి అప్పుడు అధిపతి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మన వ్యాసాలు చాలావరకు ఆరియోమైసిన్‌ను ఆయనే కనిపెట్టారని రాసేస్తాయి. మిస్సోరీ మట్టి నమూనాలోని సూక్ష్మజీవి నుంచి ఆ మందును రాబట్టినవాడు బెంజమిన్ డగ్గర్. విశ్వవిద్యాలయ ఉద్యోగం నుంచి రిటైరై, డెబ్బై దాటాక లెడర్లీలో చేరిన వృక్షశాస్త్రజ్ఞుడాయన. అలాంటి పనికి చోటు, వనరులు కల్పించిన శాఖను నడిపిన ఘనత సుబ్బారావుది. అదేం చిన్నది కాదు, దాన్ని పెంచి చెప్పనక్కర లేదు. మందు లోకానికి వెల్లడైన కొద్ది వారాలకే, 1948 ఆగస్టులో, ఆయన కన్నుమూశారు.

1950ల మొదట్లోనే చర్మవైద్యులు ఈ మాత్రలను మొటిమలకు వాడటం మొదలుపెట్టారు. గుణం కనిపించింది. ఎందుకు కనిపించిందన్నది వేరే ప్రశ్న.

బ్యాక్టీరియా చచ్చింది కాబట్టి అన్నది తేలికైన జవాబు. 1965లో ఫ్రైంకెల్, స్ట్రాస్, వారి సహచరులు ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో ప్రచురించిన పరిశీలన ఆ జవాబుకు మొదటి మెలిక పెట్టింది. టెట్రాసైక్లిన్ తీసుకున్నవారి చర్మపు జిడ్డులో కొవ్వు ఆమ్లాలు తగ్గాయని వాళ్లు చూపారు. అంటే సూక్ష్మజీవిని చంపడం కంటే, అది జిడ్డును విరగ్గొట్టి చేసే పనిని ఆపడం ముఖ్యం కావచ్చు. కొవ్వు ఆమ్లాలే అసలు దోషులన్న వాదం తర్వాత బలహీనపడింది గానీ, అది తెరిచిన దారి మూసుకుపోలేదు. 2003లో ఒక అమెరికన్ ప్రయోగంలో టెట్రాసైక్లిన్ కుటుంబానికే చెందిన డాక్సీసైక్లిన్‌ను 20 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు, ఆరు నెలలు ఇచ్చారు. బ్యాక్టీరియాను చంపడానికి ఆ మోతాదు చాలదు. చర్మం మీది సూక్ష్మజీవుల లెక్కలో తేడా రాలేదు, మొటిమలు మాత్రం తగ్గాయి. మందు వాపును, ఎరుపును అణచడం ద్వారానే చాలావరకు పనిచేస్తోందని చెప్పడానికి ఇంతకంటే సూటి సాక్ష్యం దొరకదు. 2013లో లాస్ ఏంజెలెస్ పరిశోధకులు ఇంకో పొర విప్పారు. మొటిమలున్నవారి ముక్కు మీదా, లేనివారి ముక్కు మీదా ఆ బ్యాక్టీరియా పాలు ఇంచుమించు ఒకటే. తేడా ఉన్నది దాని రకాల్లో. అందరి చర్మం మీదా కాపురముండే జీవిని శత్రువని పిలిచి, నెలల తరబడి ఒళ్లంతా మందు పారించడమన్నమాట. పుండొకచోట, మందొకచోట.

అసలు వివాదం 1975 నుంచి 1996 వరకు నడిచిన కాలం గురించి. దీన్ని చాలా వ్యాసాలు ఒక్క వాక్యంలో దాటేస్తాయి.

1975లో అమెరికన్ చర్మవైద్యులు వేసిన ఒక తాత్కాలిక సంఘం, మొటిమలకు మింగే యాంటీబయాటిక్‌లు వాడటం సమంజసమేననీ, సురక్షితమేననీ నివేదిక ఇచ్చింది. అప్పటికి ఉన్న ఆధారాలను బట్టి ఆ తీర్పును తప్పుపట్టలేం. చిన్నపిల్లల పళ్లకు టెట్రాసైక్లిన్ పసుపు, గోధుమ మరకలు పెడుతుందని 1950ల చివరినుంచే తెలుస్తూ వచ్చింది. ఎదిగిన పిల్లలకు ఆ బెడద తక్కువ. కడుపులో తిప్పడం, ఎండ పడకపోవడం, ఆడపిల్లల్లో యోనిలో ఈస్ట్ తెగులు, ఇవీ తెలిసినవే. సంఘం లెక్కపెట్టింది ఇలాంటి వాటినే, మాత్ర మింగిన మనిషికి జరిగే హానినే. ఆ మనిషి ఒంటిమీద పెరిగి పక్కవారికి పాకేదాన్ని లెక్కపెట్టే పద్ధతి అప్పటి వైద్యంలో ఇంకా అలవాటు కాలేదు.

ఈ భరోసా మీద ఒక చికిత్సా సంప్రదాయమే లేచింది. 1980ల బ్రిటిష్ చర్మవైద్యంలో, ముఖ్యంగా లీడ్స్ నగరపు ప్రసిద్ధ మొటిమల క్లినిక్ ప్రభావంతో, రోజుకో గ్రాము చొప్పున ఆరు నెలలన్నది మామూలు చికిత్స అయింది. ఆరు నెలలు తక్కువలో తక్కువ. తిరగబెడితే మళ్లీ ఆరు నెలలు. కోర్సు మధ్యలో ఆపినవాళ్లే సూక్ష్మజీవిని మొండిగా మార్చారన్న మాట ఇక్కడ ఎలా పొసగుతుంది? మొటిమలకు ముగిసే కోర్సంటూ ఏముంది? వైద్యుడి చీటీని తు.చ. తప్పకుండా పాటించిన మంచి రోగే అందరికంటే ఎక్కువ మాత్రలు మింగాడు.

1979లోనే అమెరికాలో ఈ బ్యాక్టీరియా ఎరిత్రోమైసిన్‌కూ, క్లిండమైసిన్‌కూ లొంగకపోవడాన్ని నమోదు చేశారు. 1989లో లీడ్స్ బృందం ఎరిత్రోమైసిన్‌కు లొంగని బ్యాక్టీరియాకూ, చికిత్స విఫలం కావడానికీ ముడి ఉందని చూపింది. అదే నగరంలో ఏళ్ల తరబడి రోగుల చర్మాన్ని పరీక్షించిన లెక్క 2002లో బయటికొచ్చింది. వాడుకలో ఉన్న మందుల్లో కనీసం ఒకదానికి లొంగని బ్యాక్టీరియా ఉన్నవారు 1991లో 34.5 శాతం. 1997 నాటికి 64 శాతం. తర్వాత కాస్త తగ్గి, 2000లో 55.5 శాతం. మరో ఏడాదికి వచ్చిన ఐరోపా పరిశీలన ఇంకా ఇబ్బంది పెడుతుంది. మొటిమల రోగులను చూసే 39 మంది చర్మవైద్యులను పరీక్షిస్తే 25 మంది ముఖాల మీద మొండి బ్యాక్టీరియా కనిపించింది. ఇతర విభాగాల్లో పనిచేసే 27 మంది వైద్యుల్లో ఒక్కరి మీదా లేదు. వైద్యుడికి మాత్ర మింగే పనే లేదు, రోగి ముఖాన్ని తాకాడంతే.

ఇక్కడ ఒక షరతు పెట్టుకోవాలి. నేరమంతా మాత్రలదే అనడం అన్యాయం. 1970ల చివర్లోనూ, 1980ల్లోనూ ఎరిత్రోమైసిన్, క్లిండమైసిన్ ద్రావణాలు, జెల్‌లు విరివిగా వచ్చాయి. లీడ్స్‌లో మొండితనం ఎక్కువగా కనిపించింది ఆ రెండింటి విషయంలోనే. టెట్రాసైక్లిన్ విషయంలో తక్కువ. పూతమందు వాటా మాత్ర వాటా కంటే పెద్దదని వాదించేవారి చేతిలో బలమైన ఆధారమే ఉంది. అయితే రెండింటికీ ఉమ్మడిగా ఉన్న దోషం ఒకటి కనిపిస్తుంది. ఏ చీటీ మీదా ఆపాల్సిన తేదీ లేదు.

అదే కాలంలో ఆ కుటుంబానికే చెందిన మినోసైక్లిన్ రాజ్యం నడిచింది. 1970ల మొదట్లో వచ్చిన ఈ మందును భోజనంతో కలిపి వేసుకోవచ్చు, రోజుకొకటి చాలు, బ్యాక్టీరియా కూడా దీనికి తేలిగ్గా మొండికెత్తలేదు. తల తిరగడం తొందరగానే బయటపడింది, అదీ ఆడవారిలో ఎక్కువ. చర్మం, చిగుళ్లు నీలిబూడిద రంగుకు తిరగడం నెలల తర్వాత కనిపించేది. దీర్ఘకాలం వాడినవారిలో లూపస్‌లాంటి జబ్బు, శరీరం తన కాలేయం మీద తానే దాడి చేసుకోవడం వంటివి 1990ల్లో ఒకదాని వెంట ఒకటి నమోదయ్యాయి. 1996లో ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’ సంపాదకీయం ఒకటి, మొటిమలకు మొదట ఇవ్వాల్సింది టెట్రాసైక్లిన్ లేదా ఆక్సీటెట్రాసైక్లిన్ తప్ప మినోసైక్లిన్ కాదని తేల్చి చెప్పింది. కోక్రేన్ సమీక్ష 2000లోనూ, మళ్లీ 2012లోనూ ఆధారాలన్నీ తిరగేసి, దీన్ని మొదటి మందుగా వాడటానికి సమర్థన లేదంది. ఒక లక్ష మంది ఏడాది పాటు వాడితే లూపస్ తరహా జబ్బు తొమ్మిది మందికి లోపే వస్తుంది. అంకె చిన్నదే. కానీ సాటి మందుల కంటే ఎక్కువ మేలు చేయని మందుకు ఆ చిన్న అంకె కూడా దండగే.

మేలు ఎంతన్నది 2004లో ‘లాన్సెట్’లో అచ్చయిన బ్రిటిష్ ప్రయోగం కొలిచింది. 649 మంది, 18 వారాలు, ఐదు చికిత్సలు. ఒక మోస్తరు లేదా అంతకుమించిన మెరుగుదల ఆక్సీటెట్రాసైక్లిన్‌తో 55 శాతం మందికి, మినోసైక్లిన్‌తో 54 శాతానికి కనిపించింది. మందుల షాపులో చవగ్గా దొరికే బెంజాయిల్ పెరాక్సైడ్ పూతతో 60 శాతానికి. ఒంట్లో మొండి బ్యాక్టీరియా ఉన్నవారికి మాత్రల పస తగ్గింది, పూత పస తగ్గలేదు. ఈ రోగులకు జబ్బు తక్కువ నుంచి మధ్యస్థం మాత్రమే. లోతుగా గడ్డలు కట్టి, మచ్చలు మిగిల్చే మొటిమలకు ఈ ఫలితాన్ని అన్వయించకూడదు; అక్కడ మాత్రకు ఇంకా పనుంది. కానీ మాత్రలు మింగినవారిలో ఎక్కువమంది ఆ కోవలో లేరన్నది గుర్తుపెట్టుకోవాలి.

చర్మం దాటి చూడటం ఈ శతాబ్దంలోనే మొదలైంది. 2005లో ఫిలడెల్ఫియా పరిశోధకుడు మార్గోలిస్ బృందం బ్రిటన్‌కు చెందిన లక్షా పద్దెనిమిది వేల మంది మొటిమల రోగుల రికార్డులు తిరగేసింది. యాంటీబయాటిక్ వాడినవారికి ఆ ఏడాదిలో గొంతునొప్పి, జలుబు వంటి జబ్బులు వచ్చే అవకాశం వాడనివారికంటే రెట్టింపు పైనే. 2010లో అదే బృందం పేగుల వాపు జబ్బుకూ, డాక్సీసైక్లిన్‌కూ మధ్య ముడి కనబడుతోందని రాసింది. ముడి ఉందన్నంత మాత్రాన అదే కారణమని కాదు. ఇంకా పాత గొడవ ఒకటి మాత్రం చాలా నిజం, అన్నింటికంటే తేలిగ్గా తప్పించుకోదగ్గది కూడా. డాక్సీసైక్లిన్ మాత్రను గుక్కెడు నీళ్లతో మింగి వెంటనే పడుకుంటే అది అన్నవాహికలో ఇరుక్కుని పుండు చేస్తుంది. నిండు గ్లాసు నీళ్లు తాగి, కాసేపు కూర్చుంటే చాలు. చీటీ రాసే చేతికి ఆ ఒక్క వాక్యం చెప్పే తీరిక ఉంటే ఎంత బాగుండేది!

భారతదేశంలో ఈ కథ ఇంకో మలుపు తిరిగింది. ఇక్కడ డాక్సీసైక్లిన్‌తోపాటు అజిత్రోమైసిన్ కూడా మొటిమల చికిత్సలోకి వచ్చింది, వారానికి మూడు రోజులు 500 మిల్లీగ్రాముల చొప్పున. రోజూ వేసుకోనక్కర లేదు, కడుపు నొప్పి తక్కువ. రోగికీ, వైద్యుడికీ సుఖమే. అభ్యంతరం పెట్టాల్సింది ఇక్కడే. టైఫాయిడ్ పాత మందులకు లొంగని రోజుల్లో, ఇంటి దగ్గరే నోటితో తీసుకోదగ్గ మందుల్లో అజిత్రోమైసిన్ ముఖ్యమైంది. పొరుగున పాకిస్తాన్‌లోని సింధ్‌లో 2016లో మొదలైన మహా మొండి టైఫాయిడ్‌కు నోటి మందుల్లో మిగిలింది అదొక్కటే. టైఫాయిడ్ మనిషి నుంచి మనిషికి తిరిగే జబ్బు. జనం పేగుల్లో ఆ మందు ఎంత తిరుగుతుందన్నది కాబట్టి లెక్కలోకి వస్తుంది. డాక్సీసైక్లిన్ మీద ఇదే వాదం పెట్టడం మాత్రం సరికాదు. చిత్తూరు ప్రాంతంలోనూ కనిపించే స్క్రబ్ టైఫస్‌కు ప్రాణం నిలిపే మందు అదే. కానీ ఆ జబ్బు పురుగు కాటు నుంచి వస్తుంది, మనిషి నుంచి మనిషికి అంటదు. మొటిమల మాత్ర మింగిన కుర్రాడి వల్ల ఆ పురుగులోని సూక్ష్మజీవి మొండికెత్తే దారి కనబడదు. భయపెట్టే వ్యాసాలు ఈ రెండింటినీ ఒకే గాటన కడతాయి.

2021లో బ్రిటన్ జాతీయ మార్గదర్శకాలు చివరికి తేదీ వేశాయి. మాత్ర ఒక్కటే ఇవ్వొద్దు, పూతమందు తోడుండాలి. పన్నెండు వారాలకు తిరిగి చూడాలి. ఆరు నెలలు దాటకూడదు. ఒకప్పుడు లీడ్స్‌లో చికిత్సకు కనీస గడువుగా ఉన్న ఆరు నెలలే ఇప్పుడు గరిష్ఠ గడువయ్యాయి. మధ్యలో మారింది మందు కాదు, లెక్కపెట్టే తీరు. యాంటీబయాటిక్ కాని మందులూ ఇప్పుడున్నాయి. ఆడవారికి స్పైరోనోలాక్టోన్ పనిచేస్తుందని 410 మందితో జరిగిన బ్రిటిష్ ప్రయోగం 2023లో చూపింది. ఐసోట్రెటినాయిన్ 1982 నుంచే అమెరికా మార్కెట్లో ఉంది. గర్భంలో బిడ్డకు దానివల్ల ప్రమాదం కాబట్టి జాగ్రత్తలు తప్పవు, అయినా తీవ్రమైన మొటిమలకు దానికి సాటి లేదు. అంటే ప్రత్యామ్నాయాలు లేక యాంటీబయాటిక్‌ను పట్టుకు వేలాడే రోజులు పోయాయి.

అయినా న్యూయార్క్‌లో ఒక వైద్య కేంద్రం 2016లో లెక్క తీస్తే, ఐసోట్రెటినాయిన్ వరకు వచ్చిన రోగులు అంతకుముందు యాంటీబయాటిక్ మాత్రలు మింగిన కాలం సగటున 331 రోజులని తేలింది. బ్రిటిష్ మార్గదర్శకంలోనూ ఒక సందు ఉంది: అసాధారణ పరిస్థితుల్లో ఆరు నెలలు దాటవచ్చట. ఏది అసాధారణమో నిర్ణయించేది చీటీ రాసేవారే. ఆ సందును ఎంతమంది వాడుకుంటున్నారో ఏటా లెక్క తీసి అచ్చువేయనంత వరకు ఆరు నెలల గడువు కాగితం మీది గడువే.