చెమటకు 20, చావుకు 1000

రోమ్‌లో మా ఇంటికి చుట్టాలొస్తే ముందు కొలోసియం చూపించమంటారు. లోపలికెళ్లాక అందరూ అడిగేదీ ఒకటే: "రోజుకు ఎంతమంది చచ్చేవాళ్లు?" సినిమాలు నేర్పిన ప్రశ్న అది. జవాబు చెప్పకుండా వాళ్లను పక్కనే ఉన్న లూదుస్ మాగ్నుస్ శిథిలాల దగ్గరికి తీసుకెళ్తాను. గ్లాడియేటర్ల శిక్షణశాల అది. అక్కడి నుంచి బరిలోకి నేల కింద దారి ఉండేది.

శిక్షణ ఇచ్చి, తిండి పెట్టి, వైద్యం చేయించి తయారుచేసిన మనిషిని ఎవరూ ఊరికే పోగొట్టుకోరు. క్రీ.శ. 2వ శతాబ్దపు న్యాయవేత్త గాయుస్ ఒక ఒప్పందాన్ని చర్చిస్తాడు. ఆట పెట్టినవాడు గ్లాడియేటర్ల యజమానికి ఇవ్వాల్సింది ఇదీ: దెబ్బ తగలకుండా తిరిగొస్తే చెమటకూలి మనిషికి 20 దీనారాలు, చచ్చినా అవిటివాడైనా 1000. మరి ఇది అద్దెనా, అమ్మకమా? క్షేమంగా వస్తే అద్దె, లేకపోతే అమ్మకం అని తేల్చాడు. అంటే చావు ఖరీదు యాభై రెట్లు. సిసిలీలో దొరికిన ఫ్లమ్మా అనే గ్లాడియేటర్ సమాధిరాయి మీద 34 పోటీల లెక్క ఉంది: 21 గెలిచాడు, 9 సమం, ఓడిన 4 సార్లూ ప్రాణాలతో వదిలేశారు.

ఇక్కడి ఫుట్‌బాల్ క్లబ్బులూ ఆటగాణ్ణి ఒక సీజన్‌కు అద్దెకు తెచ్చుకుంటాయి. ఇన్ని మ్యాచ్‌లు ఆడితే కొనితీరాలన్న షరతూ ఉంటుంది. గాయుస్‌కు ఆ కాగితం చూపిస్తే ఇట్టే అర్థమయ్యేది. ఐపీఎల్ వేలం చూసే మీకూ ఇందులో వింతేమీ ఉండదు. కాకపోతే ఇప్పటి ఆటగాడు తానే సంతకం పెట్టి కోట్లు తీసుకుంటాడు. గ్లాడియేటర్లలో ఎక్కువమంది బానిసలు, యుద్ధఖైదీలు. ఈ తేడాను చిన్నది చేసి మాట్లాడేవాళ్లంటే నాకు గిట్టదు.

అసలు పోల్చాల్సింది డబ్బెవరిదన్నది. క్రీ.శ. 80లో కొలోసియం ప్రారంభానికి తీతుస్ చక్రవర్తి 100 రోజులు ఆటలు పెట్టాడు. ఖర్చు ఆయనది, జనం ఇచ్చింది చప్పట్లు. ఇప్పుడు ఇటలీ ఫుట్‌బాల్ లీగ్ సెరీ ఆ ప్రసార హక్కులకు డాజోన్, స్కై టీవీ కంపెనీలు కలిసి ఏటా సుమారు 90 కోట్ల యూరోలు కడుతున్నాయి. ఆ సొమ్ము మాలాంటి చందాదారులదే.

డబ్బెవరిదన్న తేడా అల్లర్లప్పుడు బయటపడుతుంది. క్రీ.శ. 59లో పాంపేయి బరి దగ్గర పక్క ఊరు నుకేరియా వాళ్లతో తిట్లు రాళ్లయ్యాయి, రాళ్లు కత్తులయ్యాయి. అక్కడ అలాంటి ఆటలు 10 ఏళ్లపాటు వద్దంది సెనేట్. 2007 ఫిబ్రవరిలో కటానియా, పలెర్మో జట్ల ఫుట్‌బాల్ మ్యాచ్ అల్లర్లలో ఒక పోలీసు ఇన్‌స్పెక్టర్ చనిపోయాడు. లీగ్ కొద్దిరోజులే ఆగింది. తర్వాత భద్రతా నిబంధనలకు తూగని స్టేడియాల్లో ప్రేక్షకుల్ని రానివ్వకుండా ఆడించారు. జనం లేని ఆట తీతుస్‌కు దండగ, చప్పట్ల కోసమే కదా ఆయన ఖర్చుపెట్టింది. టీవీ కంపెనీకి మాత్రం గ్యాలరీ ఖాళీ అయినా మ్యాచ్ మ్యాచే.