దిక్కు, కాగితం, పరామర్శ: జగర్గుండా పిల్లల దగ్గరికి ఒక యౌవనస్థుల సేవాయాత్ర

అనాథాశ్రమాలకు వెళ్లే స్వచ్ఛంద సేవాయాత్రల మీద పదిహేనేళ్లుగా ఇంగ్లీషులో వస్తున్న పరిశోధనతో నాకొక పేచీ ఉంది. ఆ రచనల్లో వెళ్లేవాళ్లు ఎప్పుడూ విమానమే దిగుతారు. కంబోడియా, నేపాల్, ఉగాండా అని దేశాల పేర్లు మారతాయి గాని బొమ్మ మారదు: సెలవుల్లో వచ్చిన తెల్ల యువకులు, చుట్టూ పిల్లలు, చివర ఒక ఫొటో. మన క్రైస్తవ సంఘాల యౌవనస్థులు డబ్బులు పోగుచేసి టెంపో మాట్లాడుకుని, పులిహోర పొట్లాలు కట్టుకుని, గోదావరి దాటి శబరి ఒడ్డు దాకా వెళ్లే యాత్రకు ఆ లెక్కలో చోటు లేదు. ఆ యాత్రను వాళ్లు ‘టూర్’ అనరు. ‘పరిచర్య’ అంటారు, వెళ్లే చోటును ‘ఫీల్డ్’ అంటారు. దాటేది దేశం సరిహద్దు కాదు, రాష్ట్రం సరిహద్దు. అయినా ఆ గీత దాటిన బిడ్డ బతుకు దేశం మారినంతగా మారిపోతుందని ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చిన గుత్తికోయల గూడేల్లో తిరిగిన నాకు మొదటినుంచీ అనుమానం. ఆ అనుమానమే ఈ వ్యాసానికి మూలం.

కాగితపు అనాథలు

పూర్వ పరిశోధన గురించి ఎక్కువ చెప్పను. లిండా రిక్టర్, ఏమీ నార్మన్ 2010లో ‘ఎయిడ్స్ అనాథ పర్యాటకం’ గురించి హెచ్చరించారు. ఆ తర్వాతివాళ్లు చాలామంది అదే బాటన నడిచారు. వాదించవలసినంత బలమైన సిద్ధాంతం కేట్ వాన్ డోర్‌ది. నేపాల్ అనుభవం నుంచి పుట్టిన ఆమె వాదం 2016లో బాలల హక్కుల అంతర్జాతీయ పత్రికలో వచ్చింది. దాని సారం ఇది: ఆశ్రమాల్లోని పిల్లలు చాలామంది అనాథలు కారు, తల్లిదండ్రులు బతికే ఉన్నారు, కాగితాలు మార్చి వాళ్లను అనాథలుగా తయారు చేస్తారు, దాతలను, సందర్శకులను రాబట్టడానికే అలా చేస్తారు గనక ఇది అక్రమ రవాణా. ఇలాంటి వాళ్లకు ఆమె వాడిన పేరు ‘కాగితపు అనాథలు’. 2018లో ఆస్ట్రేలియా తెచ్చిన ఆధునిక బానిసత్వ చట్టం చర్చల్లో ఈ మాట బాగా వినిపించింది. ఇప్పుడు మన విశ్వవిద్యాలయాల్లోనూ ఆశ్రమాల గురించి రాసేవాళ్లు కొందరు ఈ మాటతోనే మొదలుపెడుతున్నారు.

నా అభ్యంతరం ఒక్కటే. ‘కాగితపు అనాథ’ కావాలంటే ముందు కాగితం ఉండాలి. జగర్గుండా పిల్లలకు ఆ కాగితమే లేదు.

జగర్గుండా ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లాలో, దోర్నపాల్ నుంచి 56 కిలోమీటర్ల లోపల ఉంది. దారిలో వచ్చే పోలంపల్లి, చింతగుఫా, బుర్కాపాల్, చింతల్‌నార్ పేర్లు మన పాఠకులకు పత్రికల పతాక శీర్షికల్లోంచి తెలుసు. 2010 ఏప్రిల్ 6న తాడ్‌మెట్లలో 76 మంది, 2017 ఏప్రిల్ 24న బుర్కాపాల్‌లో 25 మంది భద్రతా బలగాలవాళ్లు మావోయిస్టుల దాడుల్లో చనిపోయింది ఈ చుట్టుపక్కలే. ఒకప్పుడు చింతపండు వ్యాపారానికి పేరున్న ఆ ఊరు 2005లో మావోయిస్టులకు ఎదురుగా మొదలైన సాయుధ పౌర దళం సల్వా జుడుంతో ముళ్లకంచె మధ్య శిబిరమైంది. దోర్నపాల్ దారి తెగిపోయింది. బడి 2006లో మూతపడింది. 2011 జూలై 5న సుప్రీంకోర్టు జుడుంను చట్టవిరుద్ధమంది గాని, అప్పటికే చుట్టుపక్కల పల్లెల జనం వేలల్లో అడవిదారుల వెంట నడిచి భద్రాచలం, చింతూరు, చర్ల, వెంకటాపురం వైపు చేరుకున్నారు. అక్కడ వాళ్లకు ‘గుత్తికోయలు’ అనే పేరు వచ్చింది.

ఆ పేరులోనే చిక్కు ఉంది. తెలంగాణ షెడ్యూల్డ్ తెగల జాబితాలో ‘గుట్ట కోయ’ ఉంది, ‘గుత్తికోయ’ లేదు. ఇక్కడ గుత్తికోయలు అనిపించుకున్న మురియా, దోర్లా తెగలు ఛత్తీస్‌గఢ్ జాబితాలో గోండుల కింద ఉన్నాయి. కాని 342వ అధికరణం ప్రకారం జాబితా రాష్ట్రాలవారీది. ఒక రాష్ట్రంలోని తెగ హోదా వలస వెళ్లినవాడి వెంట ఇంకో రాష్ట్రానికి రాదని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే జగర్గుండాలో ఆదివాసీగా పుట్టిన పిల్ల చర్ల చేరేసరికి చట్టం దృష్టిలో ఆదివాసీ కాదు. కుల ధ్రువీకరణ పత్రం లేదు, పుట్టిన తేదీ కాగితం లేదు, ఊళ్లో మూతపడిన బడి నుంచి టీసీ రాదు. ఇవేవీ లేకపోయినా చేర్చుకునే తలుపుల్లో ఒకటి సంఘం నడిపే హాస్టల్ తలుపు. ఆ తలుపు మీద రాసి ఉన్న మాట ‘అనాథ’.

రిజిస్టరులో ఒక పేజీ

భద్రాచలం పరిసరాల్లోని ఒక బాలల గృహంలో నేను చూసిన రిజిస్టరు గురించి ఇక్కడ కొంచెం నిదానంగా చెప్పాలి. దాని పేరు మన చర్చకు అవసరం లేదు. ఎర్ర అట్ట ఉన్న పొడుగాటి పుస్తకం. చేత్తో గీసిన గళ్లు. ఒక పిల్ల ఎదురుగా ‘తండ్రి పేరు’ గడిలో పేరు ఉంది. ‘వృత్తి’ గడిలో ‘కూలి (మిరప)’ అని ఉంది. ‘ఊరు’ గడిలో ‘జగర్గుండా దగ్గర’. చివరి గడి ‘చేర్చుకొనుటకు కారణము’. అందులో రెండే మాటలు: ‘దిక్కు లేదు’.

వాన్ డోర్ ఈ పేజీ చూస్తే తండ్రి బతికి ఉన్నాడు గనక ఈ పిల్ల అనాథ కాదు, ఇది మోసం అనవచ్చు. కాని ఈ పేజీలో అబద్ధం ఏది? తండ్రి పేరు దాచలేదు, పని దాచలేదు. కాగితం తండ్రిని చంపలేదు. ఆ తండ్రి సంత రోజున వస్తాడు, గేటు బయట వేపచెట్టు కింద తువ్వాలు పరుచుకుని కూర్చుంటాడు. పిల్ల బయటికి వచ్చాక మూటలోంచి చింతపండు తీసి ఇస్తాడు. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోరు. ఎండ వాలేలోపు లేచి వెళ్తాడు, ఎందుకంటే మర్నాడు కోతకు పోవాలి. అతను వచ్చిన సంగతీ అదే పుస్తకంలో వెనక పేజీలో తేదీతో సహా రాసి ఉంటుంది.

మన చట్టం కూడా పూర్తిగా వాన్ డోర్ పక్షాన లేదు. 2015 బాలల న్యాయ చట్టం 2(42) సెక్షన్‌లో ‘అనాథ’కు రెండు అర్థాలు ఇచ్చారు. తల్లిదండ్రులు గాని చట్టబద్ధ సంరక్షకుడు గాని లేని బిడ్డ ఒకటి. సంరక్షకుడు ఉన్నా, అతను చూసుకోవడానికి ఇష్టపడని, లేదా చూసుకోలేని స్థితిలో ఉన్న బిడ్డ రెండోది. సాయుధ ఘర్షణ బాధిత పిల్లలను రక్షణ అవసరమైనవారిగా అదే చట్టం వేరుగా గుర్తించింది. అదే చట్టం పిల్లలను సంస్థల్లో ఉంచడం ఆఖరి మార్గమే కావాలంటుందన్నది నిజమే.

గీత కదిలిన నేల

ఈ నేల మీద గీత కదలడం కొత్త కాదు. భద్రాచలం, రేకపల్లి తాలూకాలు 1874లో సెంట్రల్ ప్రావిన్సుల నుంచి గోదావరి జిల్లాకు వచ్చాయి. 1959లో భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలిసింది. 2014లో పోలవరం పేరుతో చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం ఆంధ్రకు పోయాయి. అవతల 2012లో సుక్మా జిల్లా పుట్టింది. నాలుగుసార్లూ కదిలింది గీతే. కోయవాడు కదలలేదు.

తెలుగు సంఘం ఈ గీత దాటడమూ కొత్త కాదు. గోదావరి నౌకామార్గం పనుల మీద ఉన్న ఇంజనీరు హేగ్ ప్రోత్సాహంతో 1860 ప్రాంతంలో దుమ్ముగూడెంలో కోయ మిషన్ మొదలైంది. అందులో మొదటి స్వదేశీ బోధకుడు ఇందుకూరి వెంకటరామరాజు, తెలుగువాడు. అదే దుమ్ముగూడెం మిషనరీ జాన్ కెయిన్ ఆ తరవాత దశాబ్దంలోనే కోయల గురించి ‘ఇండియన్ యాంటిక్వెరీ’లో రాశాడు. అంటే ఆస్ట్రేలియా పిల్లలు ఖాట్మండూ విమానం ఎక్కడానికి నూరేళ్ల ముందే ఈ దారి ఉంది. అలాంటి దారికి ‘అనాథ పర్యాటకం’ అనే పేరు అతకదు.

పరామర్శ

మరి ఏ పేరు అతుకుతుంది? సంఘాల్లో ఈ యాత్రలకు ఆధారంగా చూపే వచనం యాకోబు పత్రిక మొదటి అధ్యాయం 27వది. అక్కడ నేటి ఇంగ్లీషు అనువాదాల్లో ఎక్కువగా కనిపించేది ‘ఆర్ఫన్’. సంఘాల్లో ఎక్కువగా చదివే తెలుగు బైబిలులో ఉన్నది ‘అనాథ’ కాదు, ‘దిక్కులేని’. చేయవలసిన పనికి వాడిన మాట సేవ కాదు, సహాయం కాదు, ‘పరామర్శ’. ఈ రెండు మాటల బరువు, నాకు తెలిసినంతలో, ఇంతవరకు ఎవరూ తూచలేదు.

దిక్కు అంటే తల్లిదండ్రులు కారు. ఎవరివైపు తిరగాలో ఆ వైపు. తండ్రి ఉన్నా దిక్కు లేకపోవచ్చు. తండ్రి లేకపోయినా మేనమామ దిక్కు కావచ్చు. రిజిస్టరు రాసినామె, ఈ వచనాన్ని తెలుగు చేసినవాళ్లు ఒకే మాట వాడటం కాకతాళీయం కాదు. పరామర్శకు మన ఇళ్లలో కట్టుబాట్లున్నాయి. వట్టి చేతులతో పోకూడదు. ఎక్కువసేపు ఉండకూడదు. వివరాలు తవ్వకూడదు. చావింట లేచేటప్పుడు ‘వెళ్లొస్తాం’ అనకూడదు.

క్రిస్మస్‌కు ముందు ఒక శనివారం అదే గృహానికి డెల్టా నుంచి వచ్చిన యౌవనస్థుల జట్టును నేను దగ్గరుండి చూశాను. దుప్పట్లు, స్టీలు పళ్లేలు, నోటు పుస్తకాలు, ఒక కీబోర్డు దించారు. పిల్లలను వరసగా కూర్చోబెట్టి అభినయ గీతాలు నేర్పారు. పిల్లలకు తెలుగు పాట నోటికి పట్టుబడింది. తెలుగు మాట ఇంకా పట్టుబడలేదు. వార్డెనమ్మ జట్టును పక్కకు పిలిచి చెప్పింది: “పేర్లు అడగండమ్మా, పరవాలేదు. ఊరు మాత్రం అడక్కండి. ఊరి మాటెత్తితే రాత్రి పడుకోరు.”

జట్టును నడిపిస్తున్నది బీఎడ్ చదువుతున్న అమ్మాయి. ఆమె ఒక పిల్ల వెనక కూర్చుని, పేరు కూడా అడగకుండా, చిక్కులు తీసి నూనె రాసి జడ వేసింది. ముప్పావుగంట పట్టింది. ఇద్దరి మధ్య ఒక్క మాట లేదు. జడ చివర కట్టడానికి రిబ్బను చాలకపోతే తన చేతి సంచీ తాడు తెంపి కట్టింది. సాయంత్రం టెంపో ఎక్కుతూ ఒక కుర్రాడు కిటికీలోంచి “వెళ్లొస్తాం” అని అరవబోయాడు. ఆమె అతని భుజం పట్టుకుని ఆపింది. “ఇలాంటి చోట అలా అనకూడదురా.”

నా వాదానికి ఇంతకంటే రుజువు అక్కరలేదు. ఆ అమ్మాయికి తాను వచ్చింది బాలల గృహానికి కాదని తెలుసు. చావింటికి వచ్చానని తెలుసు. ఎవరి చావు? తండ్రి బతికే ఉన్నాడు. చనిపోయింది ఊరు. వచ్చిపోయే అతిథులతో ఏర్పడి తెగిపోయే మమకారం పసిపిల్లలను గాయపరుస్తుందని రిక్టర్, నార్మన్ అన్నారు. అయితే పరామర్శకు వచ్చినవాడు మమకారం పెంచుకోడు.

తేలినది

పై ఆధారాలను కలిపి చూస్తే మూడు సంగతులు తేలుతున్నాయి. ఈ పిల్లలను అనాథలుగా చావు తయారు చేయలేదు, కాగితమూ తయారు చేయలేదు. సరిహద్దు తయారు చేసింది. తెలుగు నేల మీది ఇతర అనాథాశ్రమాలను తవ్వినా అడుగున ఇలాంటి గీత బయటపడవచ్చు, అది రాష్ట్రానిది కావచ్చు, జిల్లాది కావచ్చు, కులానిది కావచ్చు. ఇక సేవాయాత్ర అని మనం పిలుస్తున్నది మన సమాజంలో పరామర్శ రూపాంతరమే. దాన్ని పాశ్చాత్య కొలతతో కొలిచిన పరిశోధన మొత్తాన్నీ మళ్లీ చూడాలి.

ఈ పనికి పునాది మన దగ్గరే ఉంది. శాంతా సిన్హా అధ్యక్షురాలిగా ఉన్న జాతీయ బాలల హక్కుల కమిషన్ 2007 డిసెంబరులోనే దంతెవాడకు, ఖమ్మానికి వచ్చి ఈ పిల్లల సంగతి విచారించింది. ఆ తర్వాత, నాకు తెలిసినంతలో, మన పరిశోధకులు ఆశ్రమాల ఆర్థిక లెక్కలు చూశారు గాని, చేర్పు రిజిస్టర్లు తెరిచి చూడలేదు. భద్రాచలం, చింతూరు, చర్ల చుట్టూ ఉన్న హాస్టళ్లలో ఆ పుస్తకాలు చెదలు పట్టకముందే చదవాలి. ‘చేర్చుకొనుటకు కారణము’ గడిని ఒక్కొక్కటిగా రాసుకోవాలి. యౌవనస్థుల జట్లకు నా మనవి ఒకటుంది: ఈసారి వెళ్లినప్పుడు దుప్పట్లతో పాటు మండల కార్యాలయంలో దరఖాస్తు రాయగలిగినవాణ్ణి ఒకణ్ణి తీసుకెళ్లండి.

జగర్గుండా బడి మళ్లీ తెరుచుకున్నది 2019 జూన్‌లో. అది మూతపడిన ఏడు ఒకటో తరగతిలో చేరవలసిన ఆరేళ్ల పిల్లకు అప్పటికి పంతొమ్మిదేళ్లు.