అక్షరాలకు వేసిన తాళం: పదిహేడో శతాబ్దపు శాస్త్రవేత్తలు – అనాగ్రామ్‌లు

ఇంగ్లిషులో ‘లిజన్’ అనే మాటను తీసుకోండి. వినడం అని దాని అర్థం. దాని స్పెల్లింగులో ఎల్, ఐ, ఎస్, టి, ఈ, ఎన్ అనే ఆరు అక్షరాలున్నాయి. వాటిలో మూడింటితో ‘టెన్’, నాలుగింటితో ‘లిస్ట్’ రాయవచ్చు. ఆరింటినీ వాడుతూ వరుస మారిస్తే ‘సైలెంట్’ వస్తుంది. ఇలా ఒక మాటలోని లేదా వాక్యంలోని అక్షరాలన్నిటినీ తారుమారు చేసి పేర్చడాన్ని అనాగ్రామ్ అంటారు. ఈనాడు ఇది కాలక్షేపం. పదిహేడో శతాబ్దపు ఐరోపాలో మాత్రం శాస్త్రవేత్తలు తమ పేరు ప్రతిష్ఠలను దీనికి అప్పగించారు. ఎందుకో పరిశీలిద్దాం.

ఆరు వేర్వేరు అక్షరాలను 720 వరుసల్లో పేర్చవచ్చు. అర్థమిచ్చేవి వాటిలో అతి కొద్ది. జవాబు వెతకడం కష్టం. చెప్పిన జవాబును సరిచూడటం సులువు. అనాగ్రామ్ ఉపయోగమంతా ఈ తేడాలోనే ఉంది. ఆ శతాబ్దం తొలి సగంలో శాస్త్ర పత్రికలు లేవు. కొత్త విషయాలు ఉత్తరాల ద్వారా, పుస్తకాల ద్వారా తెలిసేవి. కనుగొన్నది వెంటనే చెబితే, నిర్ధారించుకునేలోగా ఇతరులు దాన్ని అందుకోవచ్చు. దాచిపెడితే, వేరొకరు ముందుగా ప్రకటించవచ్చు. విషయాన్ని అనాగ్రామ్‌గా పంపితే రహస్యమూ నిలిచేది, తేదీకి సాక్ష్యమూ మిగిలేది.

1610లో గెలీలియో దూరదర్శినితో శనిగ్రహాన్ని చూశాడు. అది మూడు గోళాలుగా కనిపించింది. ఆ సంగతిని 37 అక్షరాల లాటిన్ అనాగ్రామ్‌గా మార్చి ప్రాగ్ నగరానికి పంపాడు. అక్కడున్న కెప్లర్ దాన్ని విప్పబోయి, కుజుడికి రెండు ఉపగ్రహాలున్నాయనే అర్థం తీశాడు. కుజుడి రెండు ఉపగ్రహాలు 1877లో నిజంగానే కనబడటం కేవలం యాదృచ్ఛికం. ఇక్కడ రెండు సంగతులు గుర్తుంచుకోండి. ఒకే అక్షరాలకు వేర్వేరు అర్థాలు తీయవచ్చు. అనాగ్రామ్ ‘ఎవరు ముందు’ అన్నది చెబుతుందే గాని ‘ఏది నిజం’ అన్నది చెప్పదు. గెలీలియో చూసినవి మూడు గోళాలు కావు. శని చుట్టూ వలయం ఉందని హైగెన్స్ గ్రహించాడు. ఆయన కూడా 1656లో ఆ మాటను అనాగ్రామ్‌లో దాచి, 1659లో విప్పి చెప్పాడు.

1665లో లండన్‌లో ‘ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్’ పత్రిక మొదలైంది. అయినా పాత అలవాటు వెంటనే పోలేదు. మీరు పాఠశాలలో చదివిన హుక్ నియమాన్ని రాబర్ట్ హుక్ 1676లో 14 అక్షరాలుగా అచ్చువేశాడు. ‘సాగుదల ఎంతో బలం అంత’ అనే దాని భావాన్ని 1678లో వెల్లడించాడు.

అదే 1676లో న్యూటన్, లైబ్నిజ్‌కు చేరవలసిన ఉత్తరంలో కలనగణితపు మూలసమస్యను ఒక లాటిన్ వాక్యంగా కూర్చి, అందులో ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తుందో మాత్రమే రాశాడు. లైబ్నిజ్ తన పద్ధతిని 1684లో అందరూ చదివేలా ప్రచురించాడు. తర్వాత ఎవరు ముందన్న వివాదం ముదిరింది. 1712లో రాయల్ సొసైటీ సంఘం న్యూటన్ పక్షాన తీర్పు చెప్పింది. అప్పటి అధ్యక్షుడు న్యూటనే. నివేదికను రాయడంలోనూ ఆయన చేయి ఉంది. ఆ అక్షరాల లెక్క న్యూటన్‌కు ముందే తెలుసనడానికి ఆధారమవుతుంది. అయితే దాన్ని విప్పగలిగినవారికైనా లెక్క చేసే పద్ధతి తెలిసేది కాదు. గణితజ్ఞులు నేర్చుకోగలిగింది ప్రచురించిన దాని నుంచే.

చరిత్ర విద్యార్థులుగా మీరు గ్రహించవలసినది ఇదే. కనుగొనడం వేరు, పంచుకోవడం వేరు. ఘనత ఎవరిదన్న ప్రశ్నకు జవాబు చెప్పేటప్పుడు ఈ రెంటినీ విడివిడిగా తూచాలి. తేదీ వేసి అచ్చయ్యే పత్రికలు బలపడ్డాక, దాచకుండానే హక్కు నిలుపుకునే వీలు కలిగింది; అనాగ్రామ్ మళ్లీ ఆటగా మిగిలింది.

మీ అవగాహనను సరిచూసుకోండి
1. అనాగ్రామ్ ఏ విషయానికి సాక్ష్యం అవుతుంది? ఏ విషయానికి కాదు?
2. 1665 తర్వాత కూడా హుక్, న్యూటన్ అనాగ్రామ్‌లను ఎందుకు వాడి ఉంటారు? మీ మాటల్లో రాయండి.