తుప్పెరుగని ఉక్కు: నా పాఠానికొక సవరణ

ఎనిమిదవ తరగతిలో లోహాల పాఠం నా వద్ద విన్న పూర్వ విద్యార్థులకు ఒక కథ జ్ఞాపకముండవచ్చు. ఇంగ్లండులోని షెఫీల్డు నగరంలో హ్యారీ బ్రియర్లీ అనే పరిశోధకుడు పనికిరాదని పారవేసిన ఉక్కుముక్క, కొన్ని నెలల తరువాత చెత్తకుప్పలో తళతళ మెరుస్తూ కనిపించిందనీ, స్టెయిన్‌లెస్ స్టీలు అలా పుట్టిందనీ చెప్పేదాన్ని. పిల్లలు చెవులప్పగించి వినేవారు. కథ చక్కనిదే కాని, బ్రియర్లీ స్వయంగా చెప్పుకొన్న వృత్తాంతం వేరు. ఈ సంచికలో ఆ పొరపాటును దిద్దుకోవడం నా విధి అనిపించింది.

క్రోమియం కలిసిన ఇనుము ఆమ్లాలకు అంత సులభంగా లొంగదని ఫ్రాన్సు దేశీయుడు పియరీ బెర్తియే 1821లోనే గమనించాడు. కాని ఆనాటి క్రోమియంతో కర్బనం కూడ అధికంగా చేరి, లోహం పెళుసుబారేది. 1890 దశకంలో జర్మనీకి చెందిన హాన్స్ గోల్డ్‌ష్మిట్ అల్యూమినియం సాయంతో కర్బనం లేని క్రోమియం తీసే పద్ధతి కనుగొన్నాడు. అప్పటికి గాని దారి తెరుచుకోలేదు.

ఇక బ్రియర్లీ. ఉక్కు కరగించే కార్మికుని కుమారుడు. 1871లో జన్మించి, పన్నెండేళ్లకే బడి మానినవాడు. (ప్రధానోపాధ్యాయినిగా ఈ వాక్యం వ్రాయడానికి కొంత సంకోచించాను!) పనిచేస్తూనే చదువుకొని రసాయన పరిశోధకుడైనాడు. 1912లో, తుపాకి గొట్టాలు లోపల అరిగిపోతున్న సమస్య ఆయన ముందుకు వచ్చింది. దాని కోసం 1913 ఆగస్టు 13న 12.8 శాతం క్రోమియం, 0.24 శాతం కర్బనం గల ఉక్కును పోత పోయించాడు. ఉక్కు లోపలి అమరికను సూక్ష్మదర్శినిలో చూడాలంటే, నునుపు చేసిన ముక్కకు ముందుగా నత్రికామ్లం కలిపిన ఆల్కహాలు పట్టించాలి. ఆమ్లం కొద్దిగా తినివేస్తేనే గీతలు తేలుతాయి. ఈ ముక్కను ఆమ్లం సరిగా అంటనేలేదు. పరీక్షకు అడ్డుపడిన ఆ మొండితనమే దాని గుణమని ఆయన గ్రహించాడు. నిమ్మరసంతో, వెనిగరుతో పరీక్షించి, భోజనపు కత్తులకు పనికివస్తుందన్నాడు. యజమానులు పట్టించుకోలేదు. తొలి కత్తులు పదునెక్కకపోగా, తెగని కత్తులు కనిపెట్టినవాడని పనివారు ఎగతాళి చేశారు. ‘స్టెయిన్‌లెస్’ అన్న పేరు కూడ ఆయన పెట్టినది కాదు, ఎర్నెస్ట్ స్టూవర్ట్ అనే కత్తుల కర్మాగారపు మేనేజరుది. చివరకు హక్కుల విషయమై తగాదా వచ్చి, 1915లో బ్రియర్లీ ఉద్యోగమే వదులుకున్నాడు.

ఆయన ఒక్కడే కనుగొన్నాడనడం కూడ న్యాయం కాదు. జర్మనీలోని క్రుప్ సంస్థలో బెన్నో స్ట్రాస్, ఎడ్వర్డ్ మౌరర్ క్రోమియంతో పాటు నికెలు చేర్చిన ఉక్కును 1912 నాటికే సిద్ధం చేశారు. 18 శాతం క్రోమియం, 8 శాతం నికెలు గల ప్రసిద్ధమైన రకం 1924లో షెఫీల్డులోనే హాట్‌ఫీల్డ్ చేతిలో రూపొందింది. తమిళ సోదరులతో పాటు మనమూ ‘ఎవర్‌సిల్వర్’ అని పిలుచుకొనే మేలురకం పాత్రలు ఈ వంశానివే. ఇవి సాధారణంగా అయస్కాంతానికి అంటుకోవు.

క్రోమియం సుమారు పదిన్నర శాతం దాటితే, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి లోహంపై కంటికానని ఆక్సైడు పొర ఏర్పడుతుంది. దాని మందం కొన్ని నానోమీటర్లే. ఉప్పునీరు రోజుల తరబడి నిలిస్తే ఆ పొర దెబ్బతిని పాత్రకు గుంటలు పడతాయి. గీత పడితే మాత్రం గాలి సోకగానే మళ్లీ కట్టుకుంటుంది. మన వార్షికోత్సవాలలో బహుమతిగా ఇచ్చిన గ్లాసులపై మిషనుతో చుక్కలు చుక్కలుగా పేర్లు చెక్కించేవారము. ప్రతి చుక్క వద్దా ఆ పొర తెగి, తిరిగి కట్టుకున్నది. ఆ గ్లాసు మీ ఇంట ఉంటే తీసి చూడండి, అక్షరాలలో తుప్పు కనిపించదు.