బెణికిందా, విరిగిందా? పిల్లల చీలమండ గాయాల్లో ఎక్స్‌రే నిర్ణయం

ఆటలో కాలు మడతపడినప్పుడు పిల్లల పాదం ఎక్కువగా లోపలివైపుకే తిరుగుతుంది. ఒత్తిడంతా చీలమండ బయటివైపున పడుతుంది. కాసేపట్లో బయటి ఎముక బుడిపె చుట్టూ వాపు వస్తుంది, పిల్లవాడు కాలు కింద పెట్టనంటాడు. అలా వచ్చిన ప్రతి కాలికీ ఎక్స్‌రే తీయడం ఆస్పత్రుల్లో చాలాకాలంగా రివాజు. అయితే 2009లో పన్నెండు అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్షలో 3130 మంది పిల్లలకుగాను ఫ్రాక్చర్లు తేలింది 671. అంటే ఐదింట నాలుగు కాళ్లలో ఎముక విరగనే లేదు. విరిగినవాటిలోనూ చాలావాటికి చికిత్స బెణుకు చికిత్సకు భిన్నం కాదు. ఎక్స్‌రే ఎవరికి తీయాలన్న చర్చకు ఈ రెండో సంగతే కీలకం, ఆలస్యంగా గుర్తించిందీ దాన్నే.

పెద్దల విషయంలో దారి 1992లో పడింది. కెనడాలోని ఒట్టావాలో ఇయాన్ స్టీల్ బృందం రూపొందించిన సూత్రాలు, ఆ ఊరి పేరుతోనే ఒట్టావా సూత్రాలుగా, ప్రపంచమంతా వాడుకలోకి వచ్చాయి. చీలమండ దగ్గర నొప్పి ఉండి, లోపలి బుడిపెకో బయటి బుడిపెకో కొన నుంచి పైకి ఆరు సెంటీమీటర్ల మేర వెనక అంచున గానీ, ఆ కొన మీద గానీ నొక్కితే ఎముక నొప్పి పుడితే ఎక్స్‌రే తీయాలి. దెబ్బ తగిలిన వెంటనే, మళ్లీ ఆస్పత్రిలోనూ నాలుగడుగులు వేయలేకపోయినా తీయాలి. కుంటుతూ వేసినా అడుగు అడుగే. పాదం మధ్యభాగంలో నొప్పి ఉంటే నావిక్యులర్ ఎముకనూ, చిటికెనవేలి వరుసలోని అయిదో మెటాటార్సల్ మొదలునూ నొక్కి చూస్తారు. ఇవేవీ లేకుంటే ఎక్స్‌రే అక్కర్లేదు. ఈ సూత్రం ఎక్స్‌రే అవసరం లేనివారిని వడకట్టడానికే పనికొస్తుంది. నొక్కినచోట నొప్పి ఉన్నంత మాత్రాన ఎముక విరిగిందని అది చెప్పదు.

1999లో రెండు నుంచి పదహారేళ్ల లోపు పిల్లలు 670 మంది మీద కెనడాలోనే దీన్ని పరీక్షించారు. చికిత్స అవసరమైన ఫ్రాక్చర్ ఒక్కటీ తప్పిపోలేదు. కానీ తగ్గే చీలమండ ఎక్స్‌రేలు 16 శాతమే. కారణం శరీర నిర్మాణంలోనే ఉంది. ఎదిగే పిల్లల ఎముక కొసల్లో మృదులాస్థితో ఏర్పడిన గ్రోత్ ప్లేట్ ఉంటుంది. బయటి బుడిపె అంటే ఫిబులా ఎముక కింది కొస. దాని గ్రోత్ ప్లేట్ సరిగ్గా ఆ ఆరు సెంటీమీటర్ల లోపలే, ఇంచుమించు కీలు ఎత్తున ఉంటుంది. మామూలు బెణుకులో కూడా ఆ చుట్టుపక్కల నొక్కితే పిల్లలు అబ్బా అంటారు, సూత్రం ఎక్స్‌రే తీయమంటుంది.

గ్రోత్ ప్లేట్ గురించిన భయం దీనికి తోడైంది. టొరంటో వైద్యులు రాబర్ట్ సాల్టర్, రాబర్ట్ హారిస్ 1963లో ఈ గాయాలను అయిదు రకాలుగా విభజించారు. చీలిక ప్లేటు గుండా మాత్రమే పోయేది మొదటి రకం. మృదులాస్థి ఎక్స్‌రేలో కనపడదు కనుక, ఎముక పక్కకు జరగకపోతే ఈ చీలికా కనపడదు. పిల్లల్లో లిగమెంటు గట్టిది, ప్లేటు బలహీనమైనది, అందుచేత ముందు తెగేది ప్లేటే అని తరాల తరబడి పాఠ్యపుస్తకాలు చెప్పాయి. దాంతో ఫిల్ము శుభ్రంగా ఉన్నా, బుడిపె మీద నొప్పి ఉందని వారాల తరబడి పిండికట్టు వేశారు. ఎక్స్‌రేలో ఏమీ కనపడకపోవడమే జబ్బుకు రుజువైన విచిత్రమిది.

ఆ నమ్మకాన్ని ఎమ్మారై కదిలించింది. టొరంటో పిల్లల ఆస్పత్రి వైద్యురాలు కాథీ బూటిస్ బృందం 2016లో ప్రచురించిన అధ్యయనంలో, ఎక్స్‌రేలో ఫ్రాక్చర్ కనపడని 135 మంది పిల్లలకు ఎమ్మారై తీశారు. ఫిబులా గ్రోత్ ప్లేట్ చీలింది నలుగురిలోనే. 108 మందిలో దెబ్బతిన్నది లిగమెంటు. పిల్లలకు చీలమండ బెణకదన్న మాట ఇంకా వార్డుల్లో వినపడుతూనే ఉంటుంది, దానికి ఆధారం మాత్రం లేదు.

అంతకు ముందే, 2001లో, బూటిస్ బృందం ప్రశ్ననే మార్చింది. ఒట్టావా సూత్రం ఫ్రాక్చర్ ఉండే అవకాశాన్ని వెదుకుతుంది. ఈ బృందం రూపొందించిన టొరంటో సూత్రం, ఫ్రాక్చర్ ఉన్నా దానివల్ల ప్రమాదముందా అని అడుగుతుంది. ఫిబులా కొసలో పక్కకు జరగని చీలికలు, లిగమెంటు లాగడంతో ఊడిన చిన్న పెచ్చులు వాటంతటవే కుదురుకుంటాయి. అందుకని నొప్పీ వాపూ ఫిబులా కింది కొసకూ, కాలి పెద్ద ఎముక టిబియా ముందువైపు కీలు గీతకు దిగువనున్న బయటి లిగమెంట్లకూ పరిమితమైతే ఎక్స్‌రే అక్కర్లేదన్నారు. అడుగులు వేయగలడా లేదా అన్నది ఇందులో లెక్కకే రాదు. మూడు నుంచి పదహారేళ్ల పిల్లలు 607 మందిలో 381 మంది ఈ కోవలోకి వచ్చారు, వారిలో ప్రమాదకరమైన ఫ్రాక్చర్ ఒక్కరికీ లేదు. అంటే 63 శాతం ఎక్స్‌రేలు మానవచ్చు. అదే పిల్లల్లో ఒట్టావా సూత్రంతో తగ్గేవి 12 శాతమే.

ప్రమాదమంతా పెద్ద ఎముక టిబియా వైపునే. దాని గ్రోత్ ప్లేట్ ఒక్కసారిగా మూసుకోదు. నడుమ మొదలై, తర్వాత లోపలివైపు, చివరికి బయటివైపు గట్టిపడుతుంది. ఇలా మూసుకోవడానికి ఏడాదిన్నర పడుతుంది. సాధారణంగా పన్నెండు, పదిహేనేళ్ల మధ్య వచ్చే ఆ కాలంలో పాదం బయటికి మెలితిరిగితే ఇంకా మూసుకోని బయటి ముందు మూల ముక్కగా ఊడుతుంది. ఇది టిల్లో ఫ్రాక్చర్. చీలిక మూడు తలాల్లో పోతే ట్రైప్లేన్. రెండూ కీలు ఉపరితలాన్ని చీలుస్తాయి, ఎముక జరిగితే ఆపరేషన్ దాకా పోవచ్చు. బయటివైపు ఎంత వాపున్నా, కీలు ముందుభాగాన గానీ లోపలి బుడిపె మీద గానీ నొప్పి ఉన్న పిల్లవాడికి ఎక్స్‌రే తీయాల్సిందే.

సూత్రం ఏదైనా, నిలిచేది వేలికొన మీద. నొప్పి ఉన్నచోటే మొదట నొక్కితే ఆ తర్వాత ఎక్కడ తాకినా పిల్లవాడు ఏడుస్తాడు, పరీక్ష అక్కడితో చెడుతుంది. బాగున్న కాలితో మొదలుపెట్టి, దెబ్బతిన్న కాలికి మోకాలి కింద నుంచి ఫిబులా వెంబడి ఒక్కొక్క వేలెడు దిగుతూ రావాలి. చూపు పిల్లవాడి ముఖం మీద ఉండాలి.

మాటలు సరిగా రాని పసివాళ్లకు ఇవేవీ వర్తించవు. తప్పటడుగుల వయసులో టిబియాలో వచ్చే సన్నని మెలిక చీలిక మొదటి ఎక్స్‌రేలో కూడా కనపడకపోవచ్చు. కాలు ఆకారం చెడినా, చర్మం చిట్లినా, స్పర్శ తగ్గినా, ఎముకలు పెళుసుబారే జబ్బున్నా, చెప్పిన కథకూ గాయానికీ పొంతన కుదరకపోయినా సూత్రాలతో పనిలేదు. పైగా ఇవి తాజా గాయాల కోసం పుట్టినవి. నూనె రాసి మర్దనా చేయించి, నాటుకట్టు కట్టించి, తగ్గక వారం తర్వాత తెచ్చిన కాలి వాపు ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం. పుత్తూరు కట్టు వంటి సంప్రదాయమున్న తెలుగు ప్రాంతంలో వైద్యుడు మొదట అడగాల్సింది దెబ్బ ఎప్పుడు తగిలిందని.

ఎక్స్‌రే మానడానికి రేడియేషన్‌ను కారణంగా చూపడం బలహీనమైన వాదన. చీలమండ ఎక్స్‌రే మోతాదు ఛాతీ ఎక్స్‌రే కన్నా చాలా తక్కువ. అసలు నష్టాలు నిరీక్షణ, ఖర్చు, లేని ఫ్రాక్చర్‌ను చూడటం. అయిదో మెటాటార్సల్ మొదట్లో ఎముక పొడవునా సాగే గీత ఎదుగుదల గీత, అడ్డంగా కోసేది ఫ్రాక్చర్. ఈ రెంటినీ కలగలిపి వేసిన పిండికట్లకు లెక్కలేదు.

ఆచరణలో ఫలితం బాగా తగ్గింది. ఒంటారియోలోని ఆరు అత్యవసర విభాగాల్లో 2151 మంది పిల్లల మీద జరిపి 2013లో ప్రచురించిన అధ్యయనంలో టొరంటో సూత్రంతో తగ్గిన ఎక్స్‌రేలు సుమారు 22 శాతం. ఫొటో తీయకుండా పంపేస్తారా అన్న తల్లిదండ్రుల ప్రశ్న ముందు సూత్రం చాలాసార్లు వెనక్కి తగ్గుతుంది. ఆ ప్రశ్నకు జవాబు చికిత్సతోనే చెప్పాలి. ఫిబులా కొసలోని తేలికపాటి ఫ్రాక్చర్లకు పిండికట్టు కన్నా తీసిపెట్టుకోగల బ్రేసు మెరుగని 2007లో 104 మంది పిల్లలతో చేసిన పోలికలో తేలింది. ఎక్స్‌రే లేకుండా ఇంటికి పంపిన పిల్లవాడికీ అదే బ్రేసు, నొప్పి ఓర్చుకోగలిగినంత నడక. వారం గడిచినా కాలు మోపకపోతే మళ్లీ తీసుకురావాలి, అప్పుడు ఎక్స్‌రే తీయాలి.