వానలో టర్కీకోడి వేట

మన యూళ్లలో నక్కడక్కడ పెంచుచున్న టర్కీకోడికి పుట్టినిల్లు ఉత్తర అమెరికా. అచ్చటి యడవులలో దానికి కన్నులును చెవులును కావలి. వాన కురియునప్పుడు ఆకులనుండి రాలు చినుకుల చప్పుడులో పగవాని యడుగుల సవ్వడి వినబడదు. అందుచే నది కన్నులనే నమ్ముకొని, చెట్లను వీడి బయలునకు వచ్చును. వేటకాండ్రీ మర్మమెఱిగి పొలముల యంచున పొంచియుందురు.

ఐరోపావారు వచ్చి స్థిరపడిన పిమ్మట అడవులు నరకబడెను. అమ్మకమునకై పక్షులు మితిలేక చంపబడెను. మసాచుసెట్సు రాష్ట్రమున 1851 నాటికి ఈ పక్షి యంతరించెను. చట్టవిరుద్ధముగా చంపిన మృగపక్షులను ఒక రాష్ట్రమునుండి వేఱొక రాష్ట్రమునకు తరలించుటను 1900 సంవత్సరపు లేసీ చట్టము నిషేధించెను. 1937లో వచ్చిన పిట్‌మన్–రాబర్ట్‌సన్ చట్టము తుపాకులపై, తూటాలపై వచ్చు పన్నును వన్యప్రాణుల పునరుద్ధరణకు మరల్చెను. అనగా చంపువారి సొమ్మే బ్రతికించుటకు వినియోగపడెను. 1972, 1973లలో న్యూయార్కునుండి తెచ్చి మసాచుసెట్సు కొండలలో విడిచిన 37 పక్షుల సంతతి నేడు వేలకొలదిగా నున్నది.

వసంతకాలపు వేటలో పుంజులనే చంపవలెనని పెక్కు రాష్ట్రముల నియమము. పెట్టలు గ్రుడ్లు పొదుగు కాలమది. వానలో బయలున పుంజులతోపాటు పెట్టలును గుఱికి అందును. అపుడు వేటకానిని చూచువారెవ్వరును లేరు. చట్టము కాగితముపై నుండును. దానిని నిలుపునది ఆ క్షణమున మీటనుండి వెనుకకు తీసిన వ్రేలు. ఏ సంస్కారమునకైనను ఇదియే పరీక్షయని మేము తలంతుము.